కుడిపక్క సీట్లో మాస్టారు

ఈ మధ్య కొన్న కారుకి నా మీద నమ్మకం తక్కువ. గీత దాటితే టింగుమంటుంది. ముందు బండికి కాస్త దగ్గరగా వెళితే స్టీరింగు వణికిస్తుంది. రివర్సులో చెత్తడబ్బాకి రెండు గజాల దూరంలో ఉండగానే వీధి వీధంతా వినపడేలా అరుస్తుంది. మొన్న శనివారం మోరిస్‌విల్‌లో ఇండియన్ గ్రోసరీ నుంచి కరివేపాకూ దొండకాయలూ వేసుకుని ఇంటికి వస్తుంటే, మెత్తగా ఒక గంట మోగి, డాష్‌బోర్డు మీద పొగలు కక్కే కాఫీ కప్పు బొమ్మ వెలిగింది. మీరు అలసిపోయినట్టున్నారు, కాసేపు ఆగి వెళ్ళండి అని దాని భావం. నేను బయల్దేరి అప్పటికి ఆరు నిమిషాలయింది. యాభై ఒకటో ఏట మనిషిని చూసి యంత్రాలు కూడా జాలిపడతాయని ఆ రోజే తెలిసింది.

గంట మోగగానే అలవాటు కొద్దీ కుడిపక్క సీటు వైపు చూశాను. కరివేపాకు సంచీ తప్ప ఎవరూ లేరు. ఒకప్పుడు నా తప్పులు నాకు చెప్పడానికి గంటలూ బొమ్మలూ అక్కర్లేదు. ఆ సీట్లో భాస్కరరావు గారు ఉండేవారు.

మేమంతా ఆయన్ని మాస్టారు అనేవాళ్ళం. నిజానికి ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. తెనాలి మనిషి. మాకంటే చాలా ముందే వచ్చి, ఒక బీమా కంపెనీలో, ఇప్పటి పిల్లలు మ్యూజియంలో ఉండాలనుకునే రకం కంప్యూటర్లకి ప్రోగ్రాములు రాసేవారు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మాత్రం, మూతపడిన ఒక ఫర్నిచర్ షాపు పార్కింగ్ లాట్‌లో, కొత్తగా విమానం దిగిన తెలుగువాళ్ళకి తన బూడిద రంగు కారులో డ్రైవింగ్ నేర్పేవారు. ఆ రోజుల్లో హెచ్‌వన్ వీసా మీద వచ్చినవాడికి ముందు ఉద్యోగం, తరవాత బ్యాంక్ అకౌంటు, ఆ వెంటనే భాస్కరరావు గారు. కారు నడపడం రాకపోతే ఇక్కడ ఉప్పు ప్యాకెట్‌కి కూడా ఇంకొకరి దయ మీద ఆధారపడాలి. ఆయన ప్రతిఫలం పుచ్చుకునేవారు కాదు. పైగా పాఠం అయ్యాక ఇంటికి తీసుకెళితే, ఆయన భార్య అనసూయమ్మ గారు పెసరట్లు పోసేవారు. ఊరందరికీ నేర్పారు గదా, ఆవిడకెందుకు నేర్పలేదని ఒకసారి అడిగాను. మొదలుపెట్టానయ్యా, రెండో రోజుకి ఆవిడే నాకు నేర్పడం మొదలుపెట్టింది అన్నారు.

ఇరవై అయిదేళ్ళ క్రితం నా మొదటి పాఠం నాడు, నల్గొండలో జీపు తోలిన అనుభవంతో ధైర్యంగా వెళ్ళి, కుడివైపు తలుపు తీసి, దర్జాగా కూర్చున్నాను. ఎదురుగా స్టీరింగు లేదు. మాస్టారు కిటికీలోంచి తొంగి చూసి, పరవాలేదు కూర్చో, కాసేపట్లో అదే వస్తుందేమో చూద్దాం అన్నారు. నిజంగానే ఒక అరనిమిషం చూశారు కూడా.

ఆయన నేర్పే పద్ధతి ఇంకెవరి దగ్గరా చూడలేదు. బండి కదిలిన క్షణం నుంచి ఆగేదాకా, కంటికి కనిపించిందల్లా పైకి చెబుతూ ఉండాలి. ఎదర ఎర్ర కారు, ఎడంపక్క చెత్త లారీ, వెనక ఎవరో తొందరలో ఉన్నారు, కుడిపక్క పేవ్‌మెంటు మీద తాత, తాత ఆగాడు, నేనూ ఆగుతున్నాను. ఇలా అచ్చ తెలుగులో, ఆపకుండా.

"చూసింది చెప్పు. నువ్వు చెప్పలేదంటే చూడలేదనే లెక్క," అనేవారు. "కళ్ళు తెరుచుకుని నిద్రపోవడం మనకి కాలేజీలోనే అలవాటవుతుంది. మాట్లాడుతూ నిద్రపోవడం అంత తేలిక్కాదు."

దాని ఫలితంగా మా చుట్టుపక్కల నలభై మందికి పైగా తెలుగు ఇంజనీర్లు సిగ్నళ్ళ దగ్గర ఒంటరిగా పెదాలు కదుపుతూ కనిపించేవారు. లైసెన్సు పరీక్షకి వెళ్ళినప్పుడు నా పక్కన కూర్చున్న అధికారి కాసేపు నా గొణుగుడు విని, ప్రార్థన చేసుకుంటున్నావా అని అడిగాడు. అవునన్నాను. అది పూర్తిగా అబద్ధం కాదు. పాసయ్యాను.

లైసెన్సు వచ్చిన మూడో వారమే పోలీసు బండి నా వెనక దీపాలు వెలిగించింది. మాస్టారు పక్కనే ఉన్నారు. నేను పద్ధతిగా పక్కకి తీసి ఆపాను. అంతవరకూ బాగానే ఉంది. తరవాత తలుపు తీసి దిగి, కాగితాలు రెండు చేతులతో పట్టుకుని, వినయంగా పోలీసు వైపు నడవడం మొదలుపెట్టాను. మా ఊళ్ళో ఎస్సైగారు బండి ఆపితే సీట్లో కూర్చుని మాట్లాడేవాడికి ఎంత పొగరు అంటారు. ఇక్కడి పోలీసు మాత్రం చెయ్యి నడుముకున్న తుపాకీ మీదకి పోనిచ్చి, వెనక్కి వెళ్ళి కూర్చోమని పెద్దగా కేకేశాడు. నేను మరింత వినయంగా ఇంకో రెండడుగులు వేశాను. చివరికి మాస్టారు కిటికీలోంచి చేతులు రెండూ బయట పెట్టి, కదలకుండా, తెలుగులో, వెనక్కి రా నాయనా, ఆయన నీ మర్యాద తట్టుకోలేకపోతున్నాడు అన్నారు.

అంతా అయ్యాక, హెచ్చరికతో వదిలేశాక, ఆయన నెమ్మదిగా చెప్పారు. "మన దగ్గర పెద్దమనిషి వస్తే లేచి నిలబడాలి. ఇక్కడ పెద్దమనిషి వస్తే కదలకుండా కూర్చోవాలి. రెండూ మర్యాదేనయ్యా. ఎక్కడున్నామో చూసుకోవాలి, అంతే." అమెరికా గురించి ఆ తరవాత చాలామంది నాకు చాలా చెప్పారు గాని, ఇంత తక్కువ మాటల్లో ఎవరూ చెప్పలేదు.

కాలం మారడం నేను గమనించింది కూడా ఆయన కారులోనే. మొదట్లో ఎక్కడికైనా వెళ్ళాలంటే దారి ప్రింటు తీసుకుని, ఒకడు చదువుతుంటే ఇంకొకడు నడిపేవాడు. తరవాత ఫోనులో ఒకావిడ వచ్చింది. మాస్టారుకి ఆవిడంటే పడేది కాదు. ఈ ఊళ్ళో ఆవిడకి ఎవరు తెలుసు అనేవారు. ఆయన దారులు వేరు. వీడియో క్యాసెట్ల షాపు దగ్గర ఎడమకి తిరుగు, రమేశ్ వాళ్ళ అపార్ట్‌మెంట్ దాటాక కుడికి అనేవారు. క్యాసెట్ల షాపు పళ్ళ డాక్టరు క్లినిక్ అయి పదేళ్ళు. రమేశ్ వాళ్ళు బెంటన్‌విల్ వెళ్ళిపోయి అంతకంటే ఎక్కువే. ఇప్పుడు లేనివాటి గుర్తులతో ఆయన ఎక్కడా దారి తప్పకుండా వెళ్ళేవారు. విచిత్రమేమిటంటే ఆ గుర్తులు నాకూ అర్థమయ్యేవి. నేనూ పాతవాణ్ణయ్యానని అలా తెలిసింది.

ఇంకా అనుమానం ఉంటే ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడొకడు తీర్చాడు. మొదటిసారి నన్ను అంకుల్ అని పిలిచాడు. నాకప్పుడు నలభై రెండు. ఆ సాయంత్రం మాస్టారు దగ్గర వాపోతే, ఆయన సానుభూతిగా విని, వాడికి కారుందా అని అడిగారు. లేదన్నాను. మరి లిఫ్ట్ అడగబోతున్నాడన్నమాట, దానికి వయసుతో సంబంధం లేదు అన్నారు. మర్నాడు వాడు నిజంగానే లిఫ్ట్ అడిగాడు.

ఇదంతా సరదాగా సాగుతుండగా ఒక రోజు సుజాత ఫోన్ చేసింది. సుజాత మాస్టారి ఒక్కగానొక్క కూతురు, షాంటిలీలో ఉంటుంది. అంతకు ముందు వారమే వచ్చి వెళ్ళింది. నాన్న కారుకి కుడివైపు అద్దం విరిగి టేపుతో అతికించి ఉందట. అడిగితే, పోస్టుడబ్బా కాస్త ముందుకి జరిగిందమ్మా అన్నారట. మాస్టారుకి డెబ్భై రెండు. రెండు నెలల్లో లైసెన్సు రెన్యువల్. "అన్నయ్యా, నేను డ్రైవ్ చేయొద్దంటే నాన్న వినరు. నువ్వొక్కసారి పక్కన కూర్చుని చూడు. ఓకే అని నువ్వంటే ఇంక నేను మాట్లాడను," అంది.

నేను సరేనన్నాను గాని, ఆ వారమంతా అదే ఆలోచన. ఆయనకి కారు అంటే కాళ్ళు. అనసూయమ్మ గారికి గుడి, కూరలు, శుక్రవారం పాటల క్లాసు, అన్నీ ఆ కారే. ఆయన తాళం చెవి దించితే ఇద్దరూ ఇంట్లో కూర్చోవాలి. దించకపోతే ఏమవుతుందో అనుకోవడానికి కూడా ఇష్టం లేదు. మా ఇద్దరిలో ఎవరు ఎవరికి పరీక్ష పెట్టాలో ఇరవయ్యేళ్ళ ముందు ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేవాణ్ణి.

శనివారం పొద్దున పదింటికి వెళ్ళి, నా కారు సర్వీసింగ్‌కి ఇచ్చాను మాస్టారూ, అలా గ్రోసరీ దాకా మీ కారులో వెళ్ళొద్దాం అన్నాను. వారమంతా ఆలోచించి కుదుర్చుకున్న అబద్ధం అది. ఆయన నా భుజం మీంచి చూసి, "సర్వీసింగ్‌కి ఇచ్చిన కారు మా వాకిట్లో ఎందుకు పెట్టావు?" అన్నారు. నేను దాన్లోనే వచ్చానన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆయన తాళాలు తీసుకుంటూ, సుజాత పంపిందా అన్నారు. నేను చెప్పుల వైపు చూశాను. "సరే పద. పరీక్షంటే పరీక్షలాగే ఉండాలి. నేను చెబుతాను, నువ్వు విను."

బయల్దేరాం. ఆయన నడపడం ఎప్పటిలాగే వెన్నలా ఉంది. చెప్పడం కూడా. ఎదర తెల్ల వ్యాను, బ్రేకు లైటు ఒకటే వెలుగుతోంది, పాపం. ఎడంపక్క కుక్కతో పెద్దమనిషి, అంటే నా ఈడువాడే, కుక్కే ఆయన్ని నడిపిస్తోంది. సిగ్నల్ పచ్చ, ముసలిది, మారిపోతుంది, ఆగుతున్నాను. ఎడంపక్క పళ్ళ డాక్టరు, మన క్యాసెట్ల షాపు. నేను నవ్వుకుంటూ నూటికి నూరు వేసేస్తున్నాను. సుజాతకి ఫోన్‌లో ఏం చెప్పాలో కూడా వాక్యం తయారైపోయింది.

రెండు మైళ్ళు వెళ్ళాక ఏదో తేడాగా అనిపించింది. కుడిపక్క ఇద్దరు జాగింగ్ చేస్తున్నారు, ఆయన చెప్పలేదు. చెప్పేంత విషయం కాదేమో అనుకున్నాను. నిచ్చెన వేసుకుని ఇంటి కప్పు మరమ్మతు చేస్తున్నవాళ్ళు నలుగురు, చెప్పలేదు. హెల్మెట్ పెట్టుకున్న అమ్మాయి సైకిలు మీద మాకు అడుగున్నర దూరంలో ఉంది. నా కుడికాలు లేని బ్రేకుని తొక్కింది. ఆయన ఎడంపక్క పూసిన చెట్టు గురించి చెబుతున్నారు. ఎడమా, ఎదరా ఉన్నవన్నీ వస్తున్నాయి ఆయన నోట్లోంచి. కుడిపక్క ప్రపంచం లేదు.

ఆ తరవాత మలుపులో, కుడివైపు, పేవ్‌మెంటు మీద ఇద్దరు పిల్లలు బల్ల వేసుకుని నిమ్మరసం అమ్ముతున్నారు. పసుపుపచ్చ అట్ట ఒకటి తలల పైకెత్తి, దూరం నుంచే మా కారుకేసి ఊపుతున్నారు. అలాంటి బల్ల కనిపిస్తే మాస్టారు ఆగకుండా వెళ్ళడం నేను ఇరవయ్యేళ్ళలో చూడలేదు. ఆయన ఎడంపక్క పోస్టాఫీసు అన్నారు.

ఏమీ అనకుండా ఊరుకోవచ్చు. నూరు మార్కులు వేసి, ఇంటికి పోయి, పెసరట్టు తిని, సుజాతకి ఓకే చెప్పి, మా స్నేహం అలాగే ఉంచుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని చెప్పను. ఆ సైకిలు అమ్మాయి హెల్మెట్ కూడా గుర్తొచ్చింది.

"మాస్టారూ, కుడిపక్క ఏముంది?" అన్నాను.

ఆయన తల పూర్తిగా తిప్పి చూశారు. "నిమ్మరసం," అన్నారు. ఒక క్షణం ఆగి, "ఇప్పుడొచ్చారా వీళ్ళు?"

"లేదండీ. మనం మలుపుకి దూరంగా ఉన్నప్పటినుంచీ అట్ట ఊపుతున్నారు."

ఆయన ఇండికేటర్ వేసి, అద్దం చూసి, తల తిప్పి మళ్ళీ చూసి, పుస్తకంలో ఉన్నట్టు పక్కకి తీసి ఆపారు. ఇంజన్ ఆపారు. ఇంకా ఏం చెప్పలేదు నేను అని అడిగారు. చెప్పాను. జాగింగ్ చేసేవాళ్ళు, నిచ్చెన, మూడు పోస్టుడబ్బాలు, సైకిలు.

"సైకిలు మీద ఎవరు?"

"హైస్కూలు పిల్లలా ఉందండీ."

ఆయన స్టీరింగు మీంచి రెండు చేతులూ తీసేశారు. నేను నా జీవితంలో చేసిన అతి పెద్ద ద్రోహం ఇదే అయి ఉంటుందని నాకనిపించింది. అప్పుడాయన తలుపు తీసుకుని దిగి, కారు ముందునుంచి చుట్టూ తిరిగి వచ్చి, నా వైపు తలుపు తీశారు.

"దిగు," అన్నారు. "ఎందుకలా మొహం పెట్టావు? నా దగ్గర నేర్చుకున్నవాడు నా తప్పు పట్టుకున్నాడంటే, నేర్పడం సరిగ్గానే నేర్పానన్నమాట. రెండిట్లో ఒకటైనా పాసయ్యాను గదా."

ముందు వెళ్ళి చెరో గ్లాసు నిమ్మరసం తాగాం. అందులో చక్కెర తప్ప నిమ్మకాయ జాడ లేదు. ఆయన ఆ పిల్లలతో చాలా బాగుందని చెప్పి ఇంకో గ్లాసు తాగారు. తిరిగొచ్చి కుడిపక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుని, సీటు ముందుకి లాక్కో, నీకు పొట్ట పెరిగింది గాని కాళ్ళు పెరగలేదు అన్నారు. నేను స్టార్ట్ చేసి వంద గజాలు వెళ్ళానో లేదో, నువ్వింకా ఏమీ చెప్పడం లేదేం అన్నారు. ఎదర తెల్ల వ్యాను అన్నాను. తెల్ల వ్యాను లేదు. ఆయన ఆ ఒక్కసారికి దిద్దకుండా వదిలేశారు.

ఇంటికి రాగానే సుజాతకి నేను చెబుతానంటే ఒప్పుకోలేదు. తనే ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, అమ్మా, పరీక్ష తప్పాను, పరీక్ష పెట్టినవాడు నిజాయితీపరుడు, అబద్ధాలు మాత్రం సరిగ్గా ఆడలేడు అన్నారు. అవతల నుంచి ఏడుపు వినిపించింది. వంటింట్లో అనసూయమ్మ గారు అట్లకాడ పట్టుకుని నిలబడిపోయారు. ఆయన ఆవిడ వైపు తిరిగి, నన్ను చూపించి, శుక్రవారం క్లాసుకి ప్రసాద్ తీసుకెళతాడు, అడగక్కర్లేదు, నేను ఒప్పుకున్నాను అన్నారు.

డాక్టరు చూసి, ఎప్పుడో తెలియకుండా చిన్న స్ట్రోకు ఒకటి వచ్చి పోయిందనీ, దానితో కుడివైపు చూపులో ఒక ముక్క పోయిందనీ, పోయినట్టు మనిషికి తెలియకపోవడమే దాని లక్షణమనీ చెప్పాడు. ఇప్పుడు తెలిసింది కాబట్టి మందులు వాడొచ్చు, ఇంకోటి రాకుండా చూడొచ్చు అన్నాడు. మాస్టారు ఆ తరవాత మూడేళ్ళు ఉన్నారు.

ఆ మూడేళ్ళూ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళం రోజుకొకళ్ళం వంతులు వేసుకుని ఇద్దర్నీ తిప్పాం. గురుదక్షిణ చెల్లిస్తున్నామని మాలో మేము కొంచెం గొప్పగా అనుకునేవాళ్ళం. రెండు వారాల్లో ఆ గొప్ప దిగిపోయింది. ఇరవయ్యేళ్ళలో మేం పోగుచేసుకున్న చెడ్డ అలవాట్లన్నీ ఆయన ఒక్కొక్కటే బయటికి లాగారు. ఒక కంపెనీకి వైస్ ప్రెసిడెంటయిన మనిషిని, స్టాప్ సైన్ దగ్గర పూర్తిగా ఆగలేదని వెనక్కి తిప్పించి మళ్ళీ రప్పించారు. నిన్న మాస్టారు నన్ను ఫెయిల్ చేశారు అని మేం ఫోన్లలో ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం, నలభై అయిదేళ్ళవాళ్ళం. అనసూయమ్మ గారు వెనక సీట్లోంచి, పోనీలెండి పిల్లలు అనేవారు. మమ్మల్ని అలా అనేవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు.

ఆయన పోయాక చాలామంది ఆయన ఓపిక గురించీ, పద్ధతి గురించీ మాట్లాడారు. నిజమే. నా దగ్గర మిగిలింది మాత్రం వేరే. ఎడంపక్క తలుపు నుంచి కుడిపక్క తలుపుకి, కారు ముందునుంచి తిరిగొస్తే, పది అడుగులుంటుంది. ఒక మనిషి ఆ పది అడుగులూ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, ఎవరి మీదా విసుక్కోకుండా, చివర్న ఒక జోకు కూడా వేసి నడవడం నేను కళ్ళారా చూశాను. అంతకు ముందు అది కుదిరే పని అనుకోలేదు.

మా ఆఫీసులో పద్దెనిమిదేళ్ళుగా నేను చూసుకుంటున్న సాఫ్ట్‌వేర్ సిస్టమ్ ఒకటుంది. ఏడాదిగా హారిక అనే హైదరాబాద్ అమ్మాయి నాతో పనిచేస్తోంది. ఈ మధ్య మీటింగుల్లో నేను వదిలేసినవి తనే చెబుతోంది, చాలా మర్యాదగా, నాకు నొప్పి తగలకుండా. మూడోసారి అలా జరిగాక లెక్క చూసుకున్నాను. కొత్తగా వచ్చినవి ఏవీ నేను చెప్పడం లేదు. పోయిన నెల మేనేజర్ దగ్గరికి నేనే వెళ్ళి, ఇకమీదట ఇది తను నడిపితే మంచిదని చెప్పాను. ఆవిడ నా ఆరోగ్యం బాగుందా అని అడిగింది.

హారికకి చెబితే నమ్మలేదు. "మరి మీరేం చేస్తరు అంకుల్?" అంది.

"పక్కన కూర్చుంటాను."

"కూర్చుని?"

"చూస్తుంటాను. నువ్వు చెప్పనివి చెబుతుంటాను."

థాంక్స్ అంకుల్ అంది గాని, ఆ రోజు నుంచి కొంచెం కంగారుగానే ఉంటోంది.